దిశ మార్చి చూస్తే

"ఒంటి మీద ఇనుముగానీ, తలలో పిన్నులుగానీ, పళ్ళకు కట్టిన తీగగానీ ఏమైనా ఉన్నాయా అండీ?" అని రోజుకు పదిహేనుసార్లు అడిగే ప్రశ్ననే ఆ రోజు పదకొండు గంటలప్పుడు కూడా అడిగి, జవాబు రాయడానికి పెన్ను కాగితం మీద ఆనించింది ఆమె. బల్ల అంచున కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్న మనిషి మాస్కు వెనకనుంచి, "ఇనుము సంగతి నాకు తెలుసులెండి," అంది.

అంతే, ఆ ఒక్క మాటే. పెన్ను అక్కడే ఆగిపోయింది. తెలుసులెండి అని చాలామంది అంటారు, రెండోసారి స్కానింగుకు వచ్చినవాళ్ళు అంటారు, ముందురోజు ఫోనులో అంతా చదివి వచ్చినవాళ్ళు అంటారు, విసుగెత్తినవాళ్ళు అంటారు, కానీ ఇనుము సంగతి అని ఎవరంటారు? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఇదేమిటి అని తనను తానే కసురుకుంది. పొద్దున జాబితాలో ఆ పేరు చూసినప్పుడూ ఇలాగే కసురుకుంది. ఆ పేరు వందమందికి ఉంటుంది, నలభై మూడేళ్ళ వయసూ వందమందికి ఉంటుంది, తలనొప్పి, ఎడమచేతిలోంచి వస్తువులు జారిపోవడం అని డాక్టరు గిలికిన రెండు ముక్కలూ వందమంది కాగితాల మీద ఉంటాయి. కానీ ఈ మనిషి నడవాలోంచి వచ్చేటప్పుడు గౌను ముడి వేసుకుంటూనే నడిచి వచ్చింది, ఒక్క క్షణం ఆగి వేసుకుని రావచ్చు కదా, ఆగలేదు. అలా నడుస్తూ బట్టలు సర్దుకునే మనిషిని ఆమె తన బతుకులో ఒక్కదాన్నే చూసింది, హాస్టలు మెట్ల మీద, తెల్లకోటు ఒక చేతికి తొడుక్కుని రెండో చెయ్యి కోసం గాలిలో వెతుక్కుంటూ పరిగెత్తే పిల్లని. ఆ పిల్లని అందరూ తొందర అనేవారు, ఆఖరికి వార్డెను కూడా. తొందర ఏదే అంటే, ఇప్పుడే తొందరపడి వెళ్ళిపోయిందండీ అని నవ్వుకునేవారు. తొందర పక్కమంచం తనది. తనకూ ఒక పేరు పెట్టారు, చేతిరాత ముత్యాల కోవలా ఉండేదని, దస్తూరి. ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. ఇక్కడ అందరికీ మేడమ్, కౌంటరు దగ్గరి అమ్మాయికి అక్క, ఇంట్లో తనతో ఉంటున్న అక్క కూతురికి పిన్ని. ఇరవై ఒక్క ఏళ్ళయింది. అయినా లోపల్లోపల తనను తాను తిట్టుకోవలసి వస్తే మాత్రం ఆ పేరే నోటికి వస్తుంది. దస్తూరీ, పని చూడు.

పని చూసింది. తల కింద మెత్త సర్ది, చెవుల్లో బిరడాలు పెట్టి, ముఖం మీదకు పంజరంలాంటి కవచం దించి, రబ్బరు బంతి కుడిచేతిలో పెట్టింది. భయమేస్తే ఇది నొక్కండి, నేను వెంటనే వస్తాను, అంది. ఆ మాట దగ్గర పంజరం ఊచల మధ్యనుంచి రెండు కళ్ళు తన మీద నిలిచాయి, మాస్కుకూ టోపీకీ నడుమ మిగిలిన రెండంగుళాల ముఖం మీద. నిలిచాయా, లేక పైనున్న దీపం వెలుగుకి అలా అనిపించిందా. బల్ల మెల్లగా సొరంగంలోకి జరిగింది, మోకాళ్ళు వెళ్ళాయి, పిక్కలు వెళ్ళాయి, పాదాలు మాత్రం మిగిలాయి.

బరువైన తలుపు మూసి ఇవతలి గదిలో కూర్చుంటే ఎదురుగా గాజుకిటికీ, కిటికీలో ఆ రెండు పాదాలు, పాదాల మీద పలచగా తన ముఖం. కంప్యూటరు తెర మీద ఎప్పటిలాగే పెద్దాయన పేరు. ఈ గదికి మొదటి టెక్నీషియను ఆయన, పోయి మూడేళ్ళయింది, కానీ యంత్రంలో ఆయన పేరు ఎవరూ తీసెయ్యలేదు. ఇప్పటికీ ఇక్కడ తీసే ప్రతి బొమ్మ అడుగునా తీసినవారు అన్నచోట ఆయన పేరే పడుతుంది. చచ్చిపోయి కూడా డ్యూటీకి వస్తున్నాడు పాపం, ఒక్క సెలవూ పెట్టడు అని కౌంటరు అమ్మాయి నవ్వుతుంది. మార్పించమని రెండుసార్లు అడిగారు, దస్తూరే రేపూ మాపూ అని దాటేసింది. తన చేత్తో తీసిన బొమ్మ కింద ఇంకొకరి పేరుంటే ఆమెకు ప్రాణం హాయిగా ఉంటుంది. ఎందుకు హాయిగా ఉంటుందో ఆలోచించుకోవలసిన పని మూడేళ్ళుగా పడలేదు. మైకు మీట నొక్కి, మొదలుపెడుతున్నానండీ, పెద్ద చప్పుడొస్తుంది, కళ్ళు మూసుకుని కదలకుండా పడుకోండి అంది. తన గొంతు అవతలి గది స్పీకర్లో మోగి, తలుపు సందులోంచి సన్నగా తనకే తిరిగి వచ్చింది.

డగ్ డగ్ డగ్ డగ్ మని మొదలైంది. కొత్తవాళ్ళకు ఈ చప్పుడు ఎవరో గోడ పగలగొడుతున్నట్టు ఉంటుంది, ఆమెకు మాత్రం ఇంట్లో ఫ్యాను తిరుగుతున్నట్టు. కానీ ఇవాళ ఒక్కొక్క దెబ్బా లెక్కపెట్టినట్టు వినిపిస్తోంది. తెర మీద మొదటి బొమ్మ తేలింది. తల ఒకటి, దాని మీదుగా పక్కకు జరిగి ఇంకో తల, పొగమంచు పట్టిన అద్దంలో ఎవరో నిలబడ్డట్టు, దానికవతల ఇంకా పలచగా మరొకటి. ఘోస్టింగ్. ఈ పనిలో చేరినవాళ్ళు మొదటివారంలోనే నేర్చుకునే మాట. మనిషి కదిలితే చాలు, గుటక మింగితే చాలు, మూసిన రెప్పల కింద కంటిగుడ్డు తిప్పితే చాలు, ఏమీ లేనిచోట ఉన్నట్టు నీడ పడుతుంది. అది రోగం కాదు, యంత్రం తప్పూ కాదు. లోపల మనిషి కుదురుగా లేదని యంత్రం చెప్పే చాడీ.

"కదిలారా అండీ?"

స్పీకరు గరగరమంది. "తల కదల్లేదు. కళ్ళు కదిలుంటాయి."

కళ్ళు కదిలితే నీడ పడుతుందని ఈమెకు ఎవరు చెప్పారు? దస్తూరి అరచేతులు కోటుకు తుడుచుకుంది. సరేనండీ, ఇంకోసారి తీస్తాను, అంది, అంటూ తన గొంతును కాస్త మార్చింది, కాస్త లావుగా, కాస్త ముక్కుతో, మార్చాక సిగ్గేసింది. దెయ్యాలు కూడా గొంతు మార్చుకుంటాయంటారు. ఘోస్టు అన్నమాట మొన్న ఆదివారం ఇంట్లో కూడా విన్నది. వంటింటి గడప మీద కూర్చుని, మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని, అక్క కూతురు, "వాడు నన్ను ఘోస్ట్ చేశాడు పిన్నీ," అంది. తను కూర తరుగుతూ, అదేమిటే, నువ్వు కదిలావా అంది, స్కానింగు గదిలో ఉన్నట్టే. పిల్ల ఏడుస్తూ ఏడుస్తూ నవ్వింది. అది కాదు పిన్నీ, గొడవ లేదు, ఏం లేదు, ఉన్నట్టుండి లేడు, ఫోను ఎత్తడు, మెసేజి చూస్తాడు, జవాబివ్వడు, పోనీ పొమ్మని ఒక్క ముక్క అనొచ్చు కదా, తిట్టొచ్చు కదా, నాకెలా ఉందంటే నేనే చచ్చిపోయి అందరి మధ్యా తిరుగుతున్నట్టుంది, నేను అరుస్తున్నా ఎవరికీ వినబడనట్టుంది. మాయమైపోయినవాడు దెయ్యం అవ్వాలి గానీ మిగిలినది దెయ్యం అవడమేమిటి, అన్యాయం కాదూ, అంది. అలాంటివాడు పోతే పీడా విరగడైంది లెమ్మని తను గట్టిగానే చెప్పింది. పెద్దదానిలా చెప్పింది. కత్తి కింద కూరముక్కలు మాత్రం ఒకటి లావు, ఒకటి సన్నం పడ్డాయి. తర్వాత స్నానాల గదిలోకి వెళ్ళి గడియ వేసుకుని, కుళాయి తిప్పి, ఊరికే నిలబడింది.

రెండోసారి బొమ్మలు వస్తున్నాయి, నీడలు తగ్గాయి గానీ పోలేదు. చిన్నప్పుడు ఇంట్లో టీవీ కూడా ఇంతే, నాన్న డాబా మీద యాంటెన్నా తిప్పుతూ, ఇప్పుడో, ఇప్పుడో అని కేకలు పెడితే కింద అక్కా తనూ, ఇంకా ఇద్దరున్నారు నాన్నా అని అరిచేవారు. వార్తలు చదివే ఆవిడ భుజం పక్కనే ఇంకో ఆవిడ, అవే పెదాలు, అదే బొట్టు, కానీ రక్తం లేనట్టు పాలిపోయి. దెయ్యమా నాన్నా అంటే నాన్న దిగివచ్చి, చేతికంటిన తుప్పు తుడుచుకుంటూ నవ్వాడు. రెండూ ఒకటేనే పిచ్చిమొద్దూ, ఒకటి తిన్నగా మనింటికి వస్తుంది, ఇంకోటి ఎక్కడో గోడకి కొట్టుకుని, చుట్టు తిరిగి, ఆలస్యంగా వస్తుంది, ఆలస్యంగా వచ్చినంతమాత్రాన అది అబద్ధం కాదు. నాన్న పోయిన ఏడాదే తను ఈ స్కానింగు కోర్సులో చేరింది. మొదటి ఏడు ఒక పరీక్ష తప్పింది, ఇంకో మరక పడితే ఇంటికే అన్నారు. ఇంట్లో అమ్మ మిషను కుట్టి చదివిస్తోంది, కళ్ళు మసకబారిపోయి సూదిలో దారం ఎక్కించడానికి పక్కింటివాళ్ళను పిలుస్తోంది. ఇవన్నీ నిజాలే. తర్వాత ఇరవై ఒక్క ఏళ్ళపాటు ఈ నిజాలన్నిటినీ తిప్పి తిప్పి తనకు తాను చెప్పుకుంది, ఒక్కోసారి ఒక్కో వరసలో. ఏ వరసలో చెప్పుకున్నా చివరికి వచ్చేది మాత్రం ఆ స్టూలే.

ఇనుప స్టూలు. శిక్షణకు వెళ్ళే ఆసుపత్రి స్కానింగు గది, మధ్యాహ్నం రెండు గంటలు. డ్యూటీ పుస్తకంలో ఇద్దరి పేర్లూ ఉన్నాయి, తొందర టీకి వెళ్ళింది, వచ్చేస్తానే అని, మామూలుగానే సగం మాట గదిలో, సగం మాట మెట్ల మీద. లోపల ఆయా సొరంగం వెనకవైపు తుడుస్తోంది, పొట్టి మనిషి, పైన దుమ్ము అందడం లేదు. తను ఇవతల కూర్చుని ఎవరిదో ప్రేమలేఖ రాస్తోంది. హాస్టల్లో సగంమందికి తనే రాసిపెట్టేది, సెలవుచీటీలు, ఇంటికి ఉత్తరాలు, రికార్డులు, అలకలు, బతిమాలుళ్ళు. ఇదిగో మా ఘోస్టు రైటరు అని సీనియర్లు పరిచయం చేసేవారు, గొప్పగా ఉండేది. ఎవరి పేరుతో రాస్తే వాళ్ళ గొంతే వచ్చేసేది కాగితం మీదకి. తల ఎత్తకుండానే మైకు నొక్కి, ఆ గుమ్మం పక్కన స్టూలుంది కదమ్మా, అది వేసుకుని ఎక్కు, అంది. ఇనుము అని తెలుసు. ఆ యంత్రం పెద్ద అయస్కాంతమని, గుమ్మం లోపలికి ఇనుము రాకూడదని తెలుసు. తెలిసిన సంగతి ఆ క్షణాన తెలియలేదు, కలం చివర ఎవరో పిల్ల ప్రేమ ఉంది. ఆయా స్టూలును రెండుచేతులా ఎత్తి పట్టుకుని గడప దాటింది. స్టూలు ఆమె చేతుల్లోంచి ఎగిరింది అని తర్వాత రాశారు, కానీ చేతుల్లోంచి కాదు, చేతులతోసహా ఎగిరింది. రెండు వేళ్ళు పోయాయి. ఆ కేక ఇవతలికి స్పీకర్లోంచి వినిపించింది, మీట మీద తన వేలు ఇంకా అలాగే ఉంది.

తొందర వచ్చేసరికి అంతా అయిపోయింది, ఆయాను తీసుకుపోయారు, తను ఇంకా ఆ కుర్చీలోనే ఉంది. తొందర నేల మీద కూర్చుని తన మోకాళ్ళు పట్టుకుని, "ఇదిగో, మైకు దగ్గర నేనున్నానని చెప్తాను. నాకు ఫస్టు ర్యాంకు ఉంది, నన్నేం చేస్తారే, ఓ వారం బయట నిలబెడతారు. నీకైతే ఇంటికే," అంది. అది కూడా తొందరపాటే. తను వద్దు అనాలి. అనలేదు. ఏమంది? పరీక్షలు అయిపోనీ, రెండు వారాలే, నేనే వెళ్ళి నిజం చెప్పేస్తాను, ఒట్టు, అంది. సంజాయిషీ కాగితం ఎవరు రాయాలి? తొందరకు రాయడం చేతకాదు, రెండు వాక్యాలు రాసేసరికి మూడోది పరిగెత్తుకొచ్చి మీద పడుతుంది. కనుక తనే రాసింది. తొందర గొంతుతో, తొందర రాసినట్టే కామాలు లేకుండా, ఇంత బాగా ఎప్పుడూ రాయలేదు అనిపించేలా. నా నిర్లక్ష్యం వల్లే జరిగిందని ఒప్పుకుంటున్నాను అని ముగించింది. తొందర చదవకుండా సంతకం పెట్టింది. నీ మీద నమ్మకమే అంది. ఆయాను ఎవరూ అడగలేదు. అడిగినా ఏం చెబుతుంది, స్పీకర్లోంచి వచ్చిన గొంతు ఏ పిల్లదో ఆమెకేం తెలుసు.

వారం కాదు, పేరే కొట్టేశారు. కట్టుకున్న మూటతో గేటు దగ్గర నిలబడి తొందర చెయ్యి ఊపింది, రెండు వారాలేగా అన్నట్టు రెండు వేళ్ళు చూపించింది. పరీక్షలు అయ్యాయి. తను వెళ్ళి చెప్పలేదు. ఇవాళ కాదు రేపు, ఫలితాలు రానీ, సర్టిఫికెట్టు చేతికి రానీ. వార్డెను గదిలో నల్ల ఫోను ఉండేది. నీకేనే, తొందర, అని వార్డెను కేక వేసేది. మొదటిసారి తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చి, లేనని చెప్పండి అంది. అంత తేలిక అని తెలియలేదు అప్పటిదాకా. ఏమీ చెయ్యక్కర్లేదు. కదలకుండా ఉంటే చాలు. తొమ్మిదిసార్లో పదిసార్లో చేసింది, పదకొండోసారి వార్డెనే విసుక్కుని పెట్టేసింది. తర్వాత ఉత్తరాలు, కామాలు లేకుండా. విప్పకుండానే పెట్టె అడుగున పెట్టింది, ఇల్లు మారినప్పుడు పెట్టె మారింది, పెట్టె మారినప్పుడు ఉత్తరాలు లేవు. ఏరు దాటి తెప్ప తగలేసినట్టు అంటారే, అంత చప్పుడు కూడా కాలేదు. తేలు కుట్టిన దొంగలా బతికింది. ఉద్యోగం, ఇల్లు, ఇంకో ఊరు, ఇంకో ఉద్యోగం. పెళ్ళి మాట వస్తే ఎవరితోనూ ఒక మూడు నెలలకు మించి నిలబడలేకపోయింది. ఎందుకని అక్క అడిగితే, నాకే తెలియదంది.

చప్పుడు ఆగింది. నిశ్శబ్దంలో యంత్రం గువ్వలా కువకువలాడుతోంది. ఈసారి బొమ్మలు శుభ్రంగా వచ్చాయి, లోపలి మనిషి కళ్ళు బిగించి పట్టుకున్నట్టుంది. ఒక్కొక్క పొరా దాటుతూ కిందికి దిగింది. పదకొండో పొర, పన్నెండో పొర. పదమూడో పొర దగ్గర చెయ్యి ఆగింది. కుడివైపు, చెవికి కొంచెం పైన, తెల్లగా ఒక మచ్చ. ద్రాక్షపండంత ఉంటుంది. చుట్టూ మబ్బు పట్టినట్టు వాపు. ఇరవై ఏళ్ళ అనుభవం వెన్నులోంచి చల్లగా దిగింది. కుడివైపు మచ్చ, ఎడమచేతిలోంచి జారిపోయే వస్తువులు. కాదు, ముందే అనుకోకూడదు. నీడేమో. కంటినుంచి వచ్చిన నీడ, రక్తనాళం కొట్టుకునేటప్పుడు పడే నీడ, ఎన్నిసార్లు చూడలేదు, ఎన్నిసార్లు కొత్త డాక్టర్లు గాభరాపడితే తను నవ్వి, ఘోస్టింగండీ, ఏం లేదు అనలేదు. తేల్చుకోవడానికి ఒకటే దారి. బొమ్మను చదివే దిశ మార్చి మళ్ళీ తియ్యాలి. పక్కలకు పడే నీడ అప్పుడు పైకీ కిందికీ పడుతుంది. నీడ అయితే చోటు మారుతుంది. నిజమైతే ఉన్నచోటే ఉంటుంది.

"ఇంకొక్కటి ఉందండీ. నాలుగు నిమిషాలు." గొంతు మార్చడం మరచిపోయింది.

కిటికీలో పాదాల వేళ్ళు ఒకసారి ముడుచుకుని విచ్చుకున్నాయి.

ఈ చప్పుడు వేరు, డగ్ డగ్ కాదు, గరగర గీరుతున్నట్టు. నాలుగు నిమిషాలు. కదిలితే బావుండు, నీడే అయితే బావుండు, ఇంకేమీ అడగను అనుకుంది, ఎవరిని అడుగుతోందో తెలియదు. తెర మీద గీత మెల్లగా నిండుతోంది. అప్పుడు, మూడో నిమిషంలో, తలుపు కిందనుంచి పాము దూరినట్టు ఒక ఆలోచన దూరింది. ఆ మచ్చ నిజమే అయితే, ఆ కాగితం ఎవరు రాశారో తెలిసిన మనిషి ఇంక ఎక్కువ రోజులు. అంతవరకే వచ్చింది. చివరి మాట రాలేదు, రానివ్వలేదు, కానీ వచ్చినంతవరకూ ఎంత మెత్తగా వచ్చిందో, ఎంత చల్లగా, ఎండలోంచి నీడలోకి అడుగు పెట్టినట్టు. దస్తూరి కుర్చీ వెనక్కి తోసుకుని లేచి నిలబడింది. గాజులో తన ముఖం ఆ పాదాల మీద వంగి ఉంది. ఇన్నేళ్ళూ భయపడింది తొందరకు కాదు, ఎప్పటికైనా తన లోపల ఇలాంటిదొకటి తలెత్తి చూస్తుందనే అని అప్పుడు తెలిసింది.

బొమ్మ వచ్చింది. నీడలన్నీ దిశ మార్చుకుని పైకీ కిందికీ వెళ్ళాయి. మచ్చ అక్కడే ఉంది.

లోపలికి వెళ్ళి బల్ల బయటికి లాగి, పంజరం ఎత్తి, చెవుల్లోంచి బిరడాలు తీసింది. చేతులు వాటి పని అవి చేశాయి, నోరు దాని పని అది చేసింది. "అయిపోయిందండీ. మెల్లగా లేవండి. రిపోర్టు రేపు పదింటికి కౌంటర్లో ఇస్తారు, డాక్టరుగారు చూసి..."

"చివర్లో దిశ మార్చి తీశావు కదా?"

బల్ల మీద మనిషి లేచి కూర్చుంది. మాస్కు తీసి ఒళ్ళో పెట్టుకుంది. చెంపలు పీక్కుపోయాయి, జుట్టు ముందువైపు నెరిసింది, గడ్డం మీద ఆ చిన్న గాటు అలాగే ఉంది. "చప్పుడు మారింది. ఏడాదిన్నర నేర్చుకున్నదాన్నే నేనూ. ఊరికే ఎవరూ దిశ మార్చరు. కదిలిందా?"

టెక్నీషియను నోరు విప్పకూడదు. ఏం చూసినా, ఎంత చూసినా, డాక్టరుగారు చెప్తారు అనాలి, అది నియమం. ఎంత మంచి నియమం. దాని వెనక ఇరవై ఏళ్ళు ఎంత సుఖంగా నిలబడవచ్చు. "నేనని నీకు ఎప్పుడు..." అంది దస్తూరి.

"భయమేస్తే నొక్కండి, వెంటనే వస్తాను అన్నావే, అప్పుడు." తొందర రబ్బరు బంతి చూపించింది, ఇంకా గుప్పిట్లోనే ఉంది. "నొక్కుదామా వద్దా అని ఇంతసేపూ ఆలోచిస్తూ పడుకున్నాను. అందుకే కళ్ళు కదిలాయి. చెప్పు. కదిలిందా?"

"లేదు," అంది దస్తూరి. "కదల్లేదు."

"ఎంతుంది?"

బొటనవేలు చివర చూపించింది.

"కుడివైపా?"

"కుడివైపే."

"అందుకేనన్నమాట. చేతిలో గిన్నెలు పడేస్తుంటే మా ఆయన నాకు పని మీద ధ్యాస లేదంటాడు." నవ్వబోయింది, కాలేదు. కాళ్ళు కిందికి దించి చెప్పుల కోసం తడిమింది, ఎడమకాలికి దొరకలేదు. దస్తూరి వంగి చెప్పు తొడిగింది. తొడిగి అలాగే నేల మీద ఉండిపోయి, మాస్కు కిందికి లాక్కుని, "తొందరా, ఆ రోజు నేను..." అంది.

"వద్దు."

"ఒక్క మాట..."

"వద్దన్నానా. నువ్విప్పుడు చెప్పేస్తావు, ఏడ్చేస్తావు, నీకు తేలికైపోతుంది. నేను రెండు మూటలూ ఎత్తుకుని బయటికి పోవాలి. ఇవాళ నీ సంగతి వద్దే. ఇవాళ నాది." గౌను ముడి సరిచేసుకుంది, ఈసారి ఆగి, కూర్చుని, జాగ్రత్తగా. "బయట ఆయన ఉన్నాడు. ఇంకా తెలియదు. నేనే చెప్పుకోవాలి, ఎలాగో ఏమో." తలుపు దాకా వెళ్ళి తిరిగింది. "రేపు రిపోర్టు కోసం వస్తాను. నువ్వుంటావా?"

"ఉంటాను."

తొందర ఆమెను చూసింది. కోపంగా కాదు. జబ్బు మనిషి మందుసీసా మీద తేదీ చూసుకున్నట్టు చూసింది. "చూద్దాం," అని వెళ్ళిపోయింది.

నడవా చివర ఒక లావుపాటాయన కుర్చీలోంచి లేవడం, అయిందా, ఏమన్నారు అని అడగడం, రేపు చెప్తారట అన్న జవాబు, అన్నీ వినిపించాయి. తర్వాత కౌంటరు అమ్మాయి తల లోపల పెట్టి, "అక్కా, రేపు నీకు ఆఫ్ కదా, ఉంటానన్నావేంటి ఆమెతో?" అంది. అవును, రేపు ఆఫ్. ఉంటాను అన్నప్పుడు తెలుసా తెలియదా? తెలుసు. ఎంత తేలికగా వచ్చింది ఆ మాట, రెండు వారాలే, ఒట్టు, అన్నంత తేలికగా. రేపు పది గంటలకు తను ఎక్కడుంటుందో ఆమెకు అప్పుడే కనిపించింది, ఇంట్లో మంచం మీద, కర్టెను లాగేసి, ఫోను ఆపేసి, గోడవైపు తిరిగి పడుకుని. ఏ నీడా లేకుండా, గీత గీసినట్టు స్పష్టంగా కనిపించింది. అంత స్పష్టమైన బొమ్మ ఆ గదిలో ఆమె ఎప్పుడూ చూడలేదు. తర్వాతి రోగి వచ్చి బల్ల అంచున కూర్చున్నాడు. ఒంటి మీద ఇనుముగానీ, అని మొదలుపెట్టింది. సాయంత్రం దాకా అడుగుతూనే ఉంది.

రాత్రి ఎలా గడిచిందో అడగవద్దు. మర్నాడు తొమ్మిదిన్నరకే ఆమె స్కానింగు సెంటరులో రోగులు కూర్చునే కుర్చీలో కూర్చుని ఉంది, కోటు లేకుండా, మాస్కు లేకుండా, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని. రెండుసార్లు లేచింది. రెండుసార్లూ మెట్ల దాకా వెళ్ళి వచ్చి కూర్చుంది. పదయింది. పదీ ఇరవై అయింది. పదకొండు కావస్తుండగా నిన్నటి లావుపాటాయన ఒక్కడే వచ్చాడు, చొక్కా తిరగేసి తొడుక్కున్నాడు, చూసుకోలేదు. కౌంటర్లో సంతకం పెట్టి పెద్ద కవరు తీసుకున్నాడు. విప్పలేదు. అక్కడే నిలబడి ఏదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు నుదురు రుద్దుకుని, "ఇక్కడ దస్తూరి అని ఒకావిడ ఉండాలండీ," అన్నాడు.

"ఆ పేరుతో ఎవరూ లేరండీ," అంది కౌంటరు అమ్మాయి.

దస్తూరి లేచింది. "నేనేనండీ."

ఆయన దగ్గరికి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, కవరును రెండు చేతులతో ఛాతీకి ఆనించి పట్టుకున్నాడు. "తను రాలేదండీ. లేవలేకపోయింది పొద్దున. మీరు ఇక్కడ ఉన్నారో లేదో చూసి రమ్మంది. ఎందుకని అడిగితే చెప్పలేదు, ఊరికే చూసి రా అంది. ఏమని చెప్పమంటారు?"

ఇరవై ఒక్క ఏళ్ళుగా పేర్చుకున్న మాటలన్నీ గొంతు దాకా వచ్చాయి. ఒక్కటీ వాడలేదు.

"ఉన్నానని చెప్పండి," అంది.